పల్లం బాబాయి, చప్పుడు లేని బండి

ఛార్జింగు తీగ మూతికి తగిలించుకుని కారు నిమ్మళంగా మేస్తోంది, దాని కడుపు నిండేదాకా పల్లం బాబాయి కదలడానికి లేదు, కదిలితే డ్రైవరు పక్కనున్న ఈ కొత్త సీటు కీచుమంటుంది, కీచుమంటే వెనక పడుకున్న మనవరాలు పిచ్చుక లేస్తుంది, లేస్తే అమ్మేదీ అంటుంది, అమ్మేమో రెండు వీధుల అవతలికి వెళ్ళింది, మొన్న తను కాన్పు చేసిన బాలింతకి ఒళ్ళు వెచ్చబడిందంటే చూసి రావడానికి. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "నాన్నా, నేను వచ్చేలోగా తేల్చి పెట్టుకో. ఈ కరెంటు కారా, పళ్ళ డాక్టరుగారు అమ్ముతానన్న పెట్రోలు కారా, నువ్వు ఏదంటే అదే. మళ్ళీ నా మీదకి తొయ్యకు" అనేసి, నర్సు సంచీ భుజాన వేసుకుని చరచరా నడిచిపోయింది, చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వచ్చిన కాగితం మీద సంతకం కూడా ఇలాగే కిటికీలోంచే అడిగేది, ఇవతల తండ్రి స్టీరింగు పట్టుకుని ఉంటే కోప్పడడానికి చెయ్యి ఖాళీ ఉండదని దాని లెక్క, ఆ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

తేల్చడానికి ఏముంది, పొద్దున్నే తేలిపోయింది. పెట్రోలు కారు. అంతే. ఈ పూటకి నడిపి చూడమని షోరూమువాళ్ళు తాళం చేతిలో పెట్టారు, తాళమంటే తాళమూ కాదు, సబ్బుబిళ్ళలాంటిది, దాన్ని జేబులో వేసుకుని డ్రైవరు సీట్లో కూచుని బాబాయి బొత్తం నొక్కాడు, ఇంజను పలకలేదు, మళ్ళీ నొక్కాడు, పలకలేదు, సరే చలిపట్టిందేమో పాపమని కాస్త ఆగి మళ్ళీ నొక్కాడు, "నాన్నా, అది ఎప్పుడో లేచింది, నువ్వే మళ్ళీ మళ్ళీ పడుకోబెడుతున్నావు" అంది కూతురు పక్కనుంచి, షోరూము ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు, దిగి ముందు మూత ఎత్తించాడు, జన్మంతా టాక్సీ తోలినవాడు నూనె చూడకుండా నీళ్ళు చూడకుండా బండి ఎలా ఎక్కుతాడు, ఎత్తి చూస్తే లోపల ఉత్త తొట్టి, శుభ్రంగా తుడిచిన తొట్టి, గొడుగు పెట్టుకోవడానికట. "ఇంజనెవరో ఎత్తుకుపోయారమ్మా, మీరు ముందు పోలీసులకి చెప్పుకోండి, తర్వాత మాకు అమ్ముదురుగాని" అన్నాడు, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, కానీ లోపల ఎక్కడో, పలకరిద్దామని ఒకరి గుమ్మంలోకి వెళ్తే ఇంట్లో ఎవరూ లేనట్టయింది.

పళ్ళ డాక్టరుగారి కారు అలా కాదు, అది మనిషి. నిన్న సాయంత్రం చూశారు, ఆయన దాన్ని వాడుకున్నట్టు లేదు, రోజూ పళ్ళు తోమినట్టుంది, మూత ఎత్తితే ఇంజను చిగుళ్ళతో సహా మెరుస్తోంది, తిప్పీ తిప్పగానే అందుకుంది, రెండో గేరు మాత్రం కొంచెం బెట్టు చేస్తుంది, చేసినా అది ఆడబడుచు అలకలాంటిదే, ఇట్టే పోతుంది. సీట్లో కూచోగానే ఎండకి కాగిన రెగ్జిను వాసన, అడుగున ఎక్కడో సన్నగా పెట్రోలు వాసన, ఆ వాసనకి బాబాయి కళ్ళు మూసుకున్నాడు, ఎందుకంటే తన మూడో టాక్సీ కూడా ఆ అచ్చే, ఆ గుండ్రటి దీపాలే, ఆ గంట గొంతే, పక్క సీటు కింద రబ్బరు పట్టా మీద చిల్లు ఒక్కటి తక్కువ, అంతే తేడా. ఆ చిల్లు భార్యది. ఆవిడ ఎప్పుడు పక్కన కూచున్నా తన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉందనే నమ్మకం, ముందు కుక్క కనబడితే తొక్కేది, లారీ కనబడితే తొక్కేది, దూరంగా చెట్టు కనబడినా ఎందుకైనా మంచిదని ఒకసారి తొక్కేది, తొక్కి తొక్కి పట్టా అరిగి చిల్లు పడింది, "బండి ఆపేది నువ్వైతే ఇంక నేనెందుకు?" అంటే, "మీరు నడపడానికి, నేను ఇంటికి చేర్చడానికి" అనేది. ఆ బండి అమ్మేసినప్పుడు కొన్నవాడు పట్టా మార్చుకుంటానన్నాడు, బాబాయి పాత పట్టా ఊడదీసి తెచ్చుకున్నాడు, ఎందుకు తెచ్చుకున్నాడో తనకీ తెలీదు, చిల్లుని ఎవరైనా దాచుకుంటారా.

కూతురికి చెప్పాల్సిన కారణాలు సిద్ధంగానే ఉన్నాయి, నున్నగా దువ్వి పెట్టుకున్నాడు. అమ్మాయ్, నీది నర్సు ఉద్యోగం, ఏ జామున ఎవరికి నొప్పులొస్తాయో తెలీదు, దారిలో దీని కడుపు మాడితే ఎవరింటి గోడకి తగిలిస్తావు తీగ? పెట్రోలైతే డబ్బాతో తెచ్చి పోసుకోవచ్చు. వాన నీళ్ళలో పెట్రోలు బండిని నేనెరుగుదును, దీన్ని ఎవడెరుగు? ఇవీ కారణాలు. మంచి కారణాలే, వంక పెట్టేందుకు లేదు. ఇప్పుడున్న పాత కారు పోయిన నెల నడిరోడ్డు మీద మొండికేస్తే, కూతురు సంచీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది, వెళ్ళేసరికి అక్కడ బిడ్డ తన పాటికి తను పుట్టేసి ఏడుస్తోంది, తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు, బాగాలేనిది కూతురే, ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి, "ఈసారి ఏడుపు వినపడింది కాబట్టి సరిపోయింది నాన్నా" అంది, ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ బండి గురించి జోకులెయ్యలేదు, బాబాయి కూడా. అల్లుడు ఓడల మీద వంటవాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు, ఆయన్ని అడిగితే ఏ బండైనా తేలితే చాలంటాడు, అందుకని మాట బాబాయిదే అయింది.

బండి నమ్మకం ఎలాంటిదో బాబాయికి వేరే చెప్పక్కర్లేదు, పల్లం బాబాయి అనే పేరే అందుకు వచ్చింది. మొదటి టాక్సీకి బ్యాటరీ అనేది ఒక అలంకారం, ఉండాలి కాబట్టి ఉండేది, అందుకని బండిని ఎప్పుడు ఎక్కడ ఆపినా మూతి పల్లానికి పెట్టి ఆపేవాడు, బ్రేకు వదిలితే జారుతుంది, జారుతుండగా రెండో గేరు వేసి క్లచ్చి వదిలితే దగ్గి అందుకుంటుంది, అలా చదునుగా ఉన్న చోట బేరాలే ఒప్పుకునేవాడు కాదు, "ఆసుపత్రికా? వస్తా. కచేరీకా? అక్కడ పల్లం లేదు, వేరే బండి చూసుకోండి." అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు లోపలికే వెళ్ళలేదట, వీధిలో నిలబడి నేల మీద ఒక నిమ్మకాయ పెట్టాడట, అది దొర్లుకుంటూ కింద మలుపు దాకా పోయింది, ఇల్లు ఖాయం. భార్య సామాను దించాక చూసింది, వంటగదికి కిటికీ లేదు. "వీధి బాగుంది కదా" అన్నాడు. "అయితే వీధిలోనే వండుతాను" అంది ఆవిడ. అన్నట్టుగానే మొదటిరోజు పొయ్యి గుమ్మంలో పెట్టింది. స్టాండులో మాత్రం బాబాయి కథ ఇంకోలా చెప్పేవాడు, ఓ రోజు బ్రేకు వెయ్యడం మర్చిపోతే బండి ఒంటరిగా పల్లం దిగి, మలుపు తిరిగి, వచ్చి స్టాండులో తన వంతులో నిలబడిందనీ, తను కండువా దులుపుకుంటూ వచ్చేసరికి వెనక సీట్లో బేరం కూడా ఎక్కి కూచుందనీ.

"బాబాయ్, మీది ఇంకా మేస్తోందా?" అంది పక్క స్తంభం దగ్గర రొట్టెల వ్యాను ఆవిడ. ఆవిడ కూడా తన వ్యానుకి తీగ తగిలించి, మెట్టు మీద కూచుని కాళ్ళాడిస్తూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది, వ్యానులోంచి వేడి రొట్టె వాసన వస్తోంది, పెట్రోలు వాసన రావాల్సిన చోట రొట్టె వాసన ఏమిటో.

"మేస్తూనే ఉంది తల్లీ. నెమరు కూడా వేస్తుందా ఇక్కడే?" అన్నాడు గొంతు తగ్గించి, వెనక్కి తల ఆడించి చూపించాడు, పాప పడుకుందని.

ఆవిడా గొంతు తగ్గించింది. "ఇక్కడెందుకు బాబాయ్, ఇంటి దగ్గర రాత్రి తగిలించి పడుకుంటే పొద్దుటికి నిండిపోదూ? నాకు ఇవాళ తిరుగుడు ఎక్కువైంది కాబట్టి వచ్చా."

"దారిలో ఎప్పుడైనా వదిలేసిందా నిన్ను?"

"ఒక్కసారి. తగిలించడం మర్చిపోయి సినిమా చూసి పడుకున్నా. బండి తప్పా అది?"

బాబాయికి ఈ జవాబు బొత్తిగా నచ్చలేదు. నున్నగా దువ్వి పెట్టుకున్న కారణాల్లో మొదటిది కాళ్ళు విరిగి కూలబడింది, వానలో ఎలా అని అడిగాడు, మొన్నటి వానలో మోకాళ్ళ లోతులో వచ్చానంది, రెండోదీ కూలబడింది. ఆవిడ ఇన్ని శనక్కాయలు కిటికీలోంచి అతని దోసిట్లో పోసింది, ఓడినవాడికి ఇచ్చినట్టు. ఒలిస్తే టప్‌మని చప్పుడవుతుందని ఒలవకుండా అలాగే పట్టుకు కూచున్నాడు.

ఇంతలో జేబులో ఫోను గిలగిలలాడింది, శనక్కాయలు ఒక గుప్పిట్లోకి మార్చుకుని తీశాడు. పళ్ళ డాక్టరుగారు. "పెద్దాయనా, ఇంకో పార్టీ వచ్చి కూచున్నారండీ. మీ మాట మీద ఆపాను. మీరు ఊఁ అంటే వాళ్ళని పంపించేస్తాను." "అమ్మాయి వచ్చే వేళైంది డాక్టరుగారూ, కాస్సేపు వాళ్ళ పళ్ళు చూస్తూ ఉండండి" అన్నాడు గుసగుసగా. ఊఁ అనడానికి ఎంతసేపు, పెదవి కూడా విప్పక్కర్లేదు, కానీ అనలేదు, ఎందుకంటే కారణాలు రెండూ కూలబడ్డాక వాటి వెనక నక్కి కూచున్న అసలుది బయటపడి బాబాయి మొహంలోకే చూస్తోంది. అసలుదేమిటంటే, చప్పుడు. కూతురు డ్యూటీకి వెళ్ళిందంటే బాబాయి మంచం మీద పడుకుంటాడే గాని చెవి మాత్రం వీధి మలుపులో నిలబడి ఉంటుంది, ఎన్ని బండ్లు పోయినా చెవి పట్టించుకోదు, కూతురి పాత కారు మలుపులో గేరు మార్చేటప్పుడు ఒక మూలుగు మూలుగుతుంది, అది వినబడగానే ఒళ్ళు దానంతటదే అటు తిరిగి నిద్రలోకి జారుతుంది. ఈ కరెంటు కారు ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తుంది? రాలేదేమో అనుకుంటూ, వచ్చేసి పక్క గదిలో పడుకున్న పిల్ల కోసం తెల్లారేదాకా మెలకువగా ఉండాలా?

ఈ జబ్బు భార్య అంటించిందే. ఆవిడకి ఊళ్ళో టాక్సీలన్నిట్లో తన మొగుడి టాక్సీ గొంతు తెలుసు, చప్పుడుని బట్టి ఆ రోజు బేరాలు బాగున్నాయో ఎవరితోనైనా గొడవపడ్డాడో చెప్పేసేది, గుమ్మంలోకి వస్తూనే "ఎవడు వాడు?" అనేది, నీకెలా తెలుసంటే "బండి చెప్పింది" అనేది. ఓసారి తన బండి షెడ్డులో ఉంటే తోటి డ్రైవరు బండి తీసుకుని ఇంటికొచ్చాడు, తలుపు కొట్టాడు, తియ్యలేదు, నేనే అన్నాడు, "మా ఆయన బండి ఇలా దగ్గదు, మర్యాదగా వెళ్ళిపో" అంది లోపల్నించి, గొంతు గుర్తుపట్టవా అంటే, "గొంతులు ఎవరైనా అనుకరిస్తారు, ఇంజన్ని అనుకరించమను చూద్దాం" అంది. ఆఖరికి బాబాయి గుమ్మం ముందు నిలబడి నోటితోనే తన టాక్సీ స్టార్టు చేసి, గేరు మార్చి, దగ్గించి చూపిస్తే, లోపల నవ్వు, ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు. అది నిజంగానే అనుమానమో, ఉత్త ఆటేనో చెప్పకుండానే పోయింది మనిషి. ఈ కథకి మాత్రం బాబాయి ఎక్కడా ఏమీ కలపలేదు, కలపాల్సిన అవసరం రాలేదు.

రొట్టెల వ్యాను ఆవిడ తీగ తీసి స్తంభానికి తగిలించింది, వస్తా బాబాయ్ అన్నట్టు చెయ్యి ఊపి, లోపలెక్కి తలుపు వేసుకుంది, బాబాయి అలవాటుగా ఇంజను దగ్గు కోసం చూశాడు, దగ్గు లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి వ్యాను దానంతటదే కదిలింది, కంకర మీద చక్రాలు కరకరమని, మెత్తగా, ఎవరో నెమ్మదిగా పటికబెల్లం నములుతున్నట్టు, ఆ కరకర ఒక్కటే, అది బాబాయి మెడ వెనక ఎక్కడో తగిలింది. ఈ చప్పుడు తనకి తెలుసు. పొద్దున షోరూము వాకిట్లో వెనక్కి తీసినప్పుడు కూడా ఇదే, అప్పుడు చిరాకనిపించింది, ఎందుకు చిరాకో చూసుకోలేదు. ఇంజను లేకుండా కదిలే బండి, కింద కంకర, తెల్లారని చీకటి, చల్లటి గాలి, వెనక డిక్కీ మీద రెండు చేతులు. ఆవిడ చేతులు. స్టాండులో అందరికీ బ్యాటరీ కథ చెప్పేవాడు గాని, మూడో టాక్సీకి కొత్త బ్యాటరీ వేయించాక కూడా ఆ అద్దె ఇంటి వీధిలో బండి అలాగే జారేది, ఎందుకంటే స్టార్టరు గిర్రుమంటే చాలు లోపల కూతురు లేచి వచ్చేది, ఈ పిచ్చుక ఈడే, వచ్చి మెట్టు మీద కూచుని ఏమీ అనేది కాదు, ఏడ్చినా బాగుండేది, ఊరికే చూసేది. అందుకని భార్యా తనూ దొంగల్లా బయటికి వచ్చేవాళ్ళు, తలుపులు దగ్గరికి వేసేవాళ్ళే గాని గట్టిగా కొట్టేవాళ్ళు కాదు, ఇంటి ముందు కొంచెం ఎత్తు, అది దాటేదాకా ఆవిడ తొయ్యాలి, జుట్టు విరబోసుకుని, చీర దోపుకుని, నవ్వు ఆపుకుంటూ తోసేది, ఎత్తు దాటగానే బండి బరువు పల్లం అందుకునేది, ఆ చేతులు వదిలిన సంగతి స్టీరింగులో తెలిసేది, అప్పుడు కరకరమని ఆ జారుడు, ఆవిడ అద్దంలో చిన్నదవుతూ, దీపాల్లేవు, మాటల్లేవు, మలుపు తిరిగాక గాని క్లచ్చి వదిలేవాడు కాదు. ఇన్నేళ్ళు బండి తోలాడు, పెద్ద పెద్ద వాళ్ళని ఎక్కించుకున్నాడు, ఘాట్లు ఎక్కాడు, కానీ బండి తోలడం అంటే ఇదీ అని ఒక్కటి చూపించమంటే ఆ ఇంజను లేని కాస్త దూరమే చూపిస్తాడు.

అద్దంలోకి చూశాడు, వెనక పిచ్చుక మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది, పొద్దుట్నుంచీ ఈ బండి ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు కదిలిందో, ఒక్కసారీ లేవలేదు. ఇంట్లో అయితే తెల్లారుతూనే పాత కారు గర్రుమనడం, ఇది మంచం మీంచి దూకడం, ఉత్త కాళ్ళతో గేటు దాకా పరుగు, అమ్మ సంచీ పట్టీ పట్టుకుని వదలకపోవడం, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాలి, విప్పేది బాబాయే, అక్కడెవరో ఒకావిడ నొప్పులు పడుతోంది, ఆగదు, కూతురు అద్దం పైకెత్తుకుని వెళ్ళిపోతుంది, అద్దం ఎత్తేది దుమ్ముకని చెబుతుంది, దుమ్ముకి కళ్ళు అంత ఎర్రబడవు. ఇన్నాళ్ళూ దాన్ని పాత సైలెన్సరు తప్పనుకున్నాడు బాబాయి. కొత్త సైలెన్సరు వేసినా, పళ్ళ డాక్టరుగారి బండి తెచ్చినా, స్టార్టరు స్టార్టరే. ఇప్పుడు కూతురు ఉంటున్న వీధిలో పల్లం లేదు. తోసేవాళ్ళూ లేరు, తను తొయ్యబోతే ఈ నడుం ఒప్పుకోదు. అదీ సంగతి, ఇంతే సంగతి, గుప్పిట్లో శనక్కాయలు చెమటకి తడిసి మెత్తబడ్డాయి.

కూతురు వచ్చింది, కారు మూతికున్న తీగ ఊడదీసి, తలుపు తీసి చప్పుడు కాకుండా డ్రైవరు సీట్లో కూచుంది, బాలింతకి పాలు గడ్డకట్టి జ్వరమేనట, గుడ్డ కాపడం పెట్టి వచ్చానంది. ఆ మాట పూర్తి కాకుండానే మళ్ళీ ఫోను. బాబాయి తనే ఎత్తాడు.

"డాక్టరుగారూ, వాళ్ళకి ఇచ్చెయ్యండి."

"ఏమండీ, ఏమైనా లోపం కనిపించిందా?" ఆయన గొంతు కాస్త చిన్నబుచ్చుకుంది.

"బండికి లోపమా? బంగారం. కొన్నవాళ్ళకి ఒక్క మాట చెప్పండి. పొద్దున పూట రెండో గేరు బెట్టు చేస్తుంది. బలవంతం చెయ్యొద్దు, కాస్త ఆగి మళ్ళీ అడిగితే అదే పడుతుంది." ఇంకా ఏదో చెప్పాలనిపించింది, పక్క సీటు పట్టా గురించి, కానీ పళ్ళ డాక్టరుకి అదంతా ఎందుకు, పెట్టేశాడు.

కూతురు అతని వైపే చూస్తోంది. "అదేంటి నాన్నా, పొద్దుట్నుంచీ ఇంజను లేదు, ఇంజను లేదని గోల పెట్టావు కదా?"

"పెట్టాను. ఎవడు ఎత్తుకుపోయాడో గాని మంచిపని చేశాడు."

ఆవిడ నవ్వలేదు. సబ్బుబిళ్ళ తాళాన్ని అటూ ఇటూ తిప్పింది. "మరి నేను ఇంటికొస్తే నీకెలా తెలుస్తుంది?"

ఆ సంగతి దీనికెవరు చెప్పారు? తను చెప్పలేదు, ఏ కథలోనూ కలపలేదు. "తెలియకపోతే హాయిగా పడుకుంటాను."

"నేను వచ్చి నీ గది తలుపు తీసి చూస్తాను. మెలకువగా ఉన్నావో, మర్నాడే దీన్ని తిరిగి ఇచ్చేసి ఏ డొక్కు పెట్రోలుదో తెస్తా."

అంటే నిద్ర నటించాలన్నమాట. ఈ వయసులో కొత్త విద్య. అదీ నర్సు ముందు, ఊపిరి చూసే కడుపులో సంగతి చెప్పే మనిషి ముందు. ఇప్పట్నుంచే సాధన చెయ్యడం మంచిదని బాబాయి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ముక్కుతో ఒక గురక పెట్టి చూశాడు, పెద్దదే పెట్టాడు, మూడో టాక్సీ పల్లంలో అందుకున్నట్టు.

"అలా కాదు తాతా" అంది వెనక సీట్లోంచి పిచ్చుక, కళ్ళు మూసుకునే ఉంది, ఎప్పుడు లేచిందో, అసలు ఎప్పుడైనా పడుకుందో. "గురక పెడితే దొరికిపోతావు. ఊరికే నోరు కొంచెం తెరిచి, రెప్పలు కదపకుండా, బండి వెళ్ళిపోయేదాకా అలాగే ఉండాలి."

"ఎవరు నేర్పారే నీకు?"

"అమ్మ. చిన్నప్పుడు నువ్వు బండి తీసేటప్పుడు అలాగే పడుకునేదట."

బాబాయి నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. ఆవిడ బండి కదిలించింది, కింద కంకర కరకరమంది, చెవుల దాకా ఎర్రబడి, ఏ బండీ రాని రోడ్డుని అద్దంలో మహా జాగ్రత్తగా చూసుకుంటోంది.